అత్త వంటగదిలో అన్నం వాసన

డిగ్రీ పూర్తయిన కొత్తలో నన్నెవరైనా "నీకేం వచ్చమ్మా?" అని అడిగితే, "జంతువుల మనసు కనిపెట్టడం వచ్చు" అని తడుముకోకుండా చెప్పేదాన్ని. అడిగేవాళ్ళు ఉద్యోగం ఇవ్వడానికి అడిగేవాళ్ళు కాబట్టి ఆ జవాబు వల్ల నాకు ఒరిగిందేమీ లేదు. నమ్మకం మాత్రం చెక్కు చెదరలేదు. టెక్కలిలో మా పెరట్లో ఎప్పుడు చూసినా ఏదో ఒక ప్రాణి కట్టుతోనో, కుంటుతూనో, దగ్గుతూనో తిరుగుతుండేది. లారీ కింద పడబోతే లాగి తెచ్చిన కుక్క, సంతలో ఎవరూ కొనని కుంటి మేకపిల్ల, కోడి పొదిగితే పుట్టిన బాతులు రెండు (అవి నీళ్ళలో దిగినప్పుడల్లా తల్లికోడి గట్టు మీద గుండెలు బాదుకున్నంత గోల చేసేది, దాంతో వాటికి నీళ్ళంటేనే భయం పట్టుకుంది), ఒంటికన్ను పిల్లి ఒకటి. కుక్క పేరు కలెక్టరు, ఎవరు పిలిచినా వెంటనే వచ్చేది కాదు కనుక. పిల్లి పేరు టార్చి. మిగిలిన ఆ ఒక్క కన్నూ చీకట్లో అలా వెలిగేది.

ఆఖరికి సోంపేటలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు టీచరుగా చేరమన్నారు. సోంపేటకు సముద్రం వైపున ఉన్న ఉద్దానంలో, కొబ్బరితోటలూ జీడితోటలూ ఉన్న ఊళ్ళో మా అమ్మకు అన్నయ్య, అంటే మా పెద్ద మావయ్య ఉండేవాడు. పిల్లలు లేరు. అత్త ఆ ముందటి వానాకాలంలో పోయింది. మా వైపు చాలా ఇళ్ళను పట్టుకున్న కిడ్నీ జబ్బే ఆమెనూ పట్టుకుంది. ఆమె పోయాక మావయ్య మాట్లాడటం మానేశాడని, తినడం కూడా దాదాపు మానేశాడని కబుర్లు వచ్చేవి. అమ్మకు నా ఉద్యోగంలో దేవుడు చూపించిన దారి కనిపించింది.

"నువ్వెల్లి మావయ్య ఇంట్లో ఉండు. అన్నయ్యకి తోడూ, నీకు నీడా. రెండు పూటలా ఇంత వండి పెట్టు. ఎల్తా ఎల్తా ఈ సంతంతా కూడా అట్టుకుపో" అంది. సంత అంటే నా జంతువులు. నాకు వంట రాదన్న సంగతి అమ్మకు తెలుసు. తెలిసే పంపింది. నా వంట తినలేకైనా మనిషి నోరు తెరిచి మాట్లాడతాడని ఆశపడిందేమో.

అలా ఒక టాటా మ్యాజిక్‌లో కుక్క, పిల్లి, మేక, బాతులు, నా పెట్టె, అందరం ఉద్దానంలో దిగాం. జూన్ నెల. మబ్బు పట్టి ఉంది. మావయ్య తోట ఊరికి చివర, సముద్రం వైపు. అంతకు ముందు వచ్చిన పెద్ద తుఫానులో సగం కొబ్బరిచెట్లు పడిపోయాయి. మరికొన్ని తలలు విరిగి మొండేలు మాత్రం నిలబడి ఉన్నాయి. వాటి మధ్యనుంచి నడుస్తుంటే ఎవరో చాలామంది వరసగా నిలబడి, తలలు లేకపోయినా మనల్నే చూస్తున్నట్టు ఉండేది. సముద్రం కనిపించదు, కానీ దాని హోరు మాత్రం చెవిలో ఎవరో ఊపిరి పీలుస్తున్నట్టు ఆగకుండా వినిపిస్తుంది. మావయ్య గుమ్మంలో నిలబడి నన్నూ, నా వెనకాల దిగుతున్న పరివారాన్నీ చూశాడు. "వచ్చినావేటి" అన్నాడు. ఆ రోజుకి అదే ఆయన మాట.

ఇంటి వెనక, నూతికి అవతల, అత్త వంటగది విడిగా ఉండేది. మట్టిగోడలు, పెంకులు, పైన పొగ పోయే కంత. అత్త పోయిన రోజున మావయ్య దానికి తాళం వేసి, చెవి మొలతాడుకు కట్టుకున్నాడు. మళ్ళీ తియ్యలేదు. ఇంట్లోనే ఒక మూల గ్యాసు పొయ్యి పెట్టుకుని ఎప్పుడైనా ఇంత ఉడకేసుకునేవాడు. ఆ మూలే నాకు అప్పగించాడు. మొదటి రోజున నేను వండిన అన్నాన్ని చూసి కంచం పెరట్లోకి పట్టుకెళ్ళాడు. దాన్ని బాతులు తిన్నాయి (ఒక బాతు సగంలో ఆగి నా వైపు చూసింది).

వచ్చిన కొద్ది రోజులకే ఆ సంగతి నా కంటపడింది. సాయంత్రం, దీపాలు పెట్టే వేళ, పెరట్లో బట్టలు తీస్తున్నాను. మేకపిల్ల నా కొంగు నములుతోంది. అప్పటిదాకా గొడవ పడుతున్న బాతులు ఉన్నట్టుండి నోళ్ళు మూసుకున్నాయి. చూస్తే కలెక్టరు అత్త వంటగది తలుపు ముందు నిలబడి ఉంది. వెన్ను మీద జుట్టంతా లేచి ఉంది. మొరగదు, కదలదు. టార్చి ఎప్పుడు వచ్చిందో తెలియదు, దాని పక్కనే కూర్చుని పైకి చూస్తోంది. ఆ రెండూ పక్కపక్కన కూర్చోవడం నేనెన్నడూ చూడలేదు. ఏమిటే అని దగ్గరికి వెళ్ళాను. అప్పుడు వచ్చింది వాసన.

అన్నం ఉడుకుతున్న వాసన. మామూలు అన్నం కాదు, కొత్తబియ్యం, కట్టెల పొయ్యి మీద, గంజి పొంగుతున్నప్పుడు వచ్చే కమ్మని వాసన. అది తాళం వేసిన తలుపు సందుల్లోంచి వస్తోంది. తలుపుకి చెయ్యి ఆనించాను. చల్లగా ఉంది. లోపల చీకటి. నిప్పు లేదు, పొగ లేదు, చప్పుడు లేదు. వాసన మాత్రం ఎవరో మూత తీసి గరిటె తిప్పినట్టు ఒక్కసారి ఎక్కువై, మెల్లగా తగ్గింది. వెనక్కి తిరిగేసరికి మావయ్య నూతి గట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఎంతసేపటినుంచి కూర్చున్నాడో తెలియదు.

"మావయ్యా, వాసన వస్తోంది కదా?" అన్నాను.

"వత్తాది" అన్నాడు. "ఈయేళప్పుడు రోజూ వత్తాది."

"ఎక్కణ్ణించి?"

ఆయన నా వైపు చూడలేదు. "మీయత్తకి కొత్తబియ్యమంటే ఇష్టం" అని లేచి, చేతిలో ఉన్న అరిటాకు ముక్కను వంటగది గుమ్మం ముందు పెట్టాడు. ఆకులో పనసతొనలు. అత్తకు పనసతొనలంటే కూడా ఇష్టమని నాకు తెలుసు. తెల్లవారి చూస్తే ఆకు ఉంది. తొనలు లేవు.

సైన్సు టీచరును కదా, ముందు మేకపిల్లను అనుమానించాను. మర్నాటి సాయంత్రం దాన్ని ఇంట్లో మంచం కోడుకు కట్టేశాను. బాతుల మీద గంప బోర్లించి పైన రాయి పెట్టాను. కలెక్టరుకు గొలుసు వేశాను. టార్చి పనసతొనలు తినదు, అయినా న్యాయం అందరికీ ఒకటే అని దాన్ని కూడా లోపల పెట్టి తలుపేశాను. తెల్లవారేసరికి ఆకు ఖాళీ. గింజలు మాత్రం గుమ్మం పక్కన కుప్పగా ఉన్నాయి. మావయ్య వాటిని ఏరి తీసుకెళ్ళి తోటలో ఒక వారగా నాటాడు. ఎందుకని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

నేను గమనించిన ఇంకో సంగతి నన్ను మరింత భయపెట్టింది. మావయ్య తినడం మొదలుపెట్టాడు. ఆ వాసన వచ్చే వేళకు కంచం పట్టుకుని నూతి గట్టు మీదికి వెళ్ళేవాడు. ఆ కంచంలో నేను వండిన దిక్కుమాలిన అన్నమే ఉండేది. దాన్ని ఆ వాసనతో నంజుకుని, కళ్ళు దించుకుని, మెతుకు మిగల్చకుండా తినేవాడు. ఎదురుగా తాళం వేసిన తలుపు, దాని ముందు కుక్కా పిల్లీ. తలలు లేని చెట్ల వెనక వెలుతురు ఆరిపోతూ ఉండేది. అందరూ కలిసి ఎవరి వడ్డన కోసమో ఎదురుచూస్తున్నట్టు ఉండేది. నేను మాత్రం గ్యాసు పొయ్యి దగ్గర లైటు వేసుకుని, ఫోనులో పాటలు పెద్దగా పెట్టుకుని, ఏ దయ్యమూ లేదని నాకు నేను పాఠం చెప్పుకునేదాన్ని.

మా ఇంటికి దగ్గర్లో చిన్న కిరాణా కొట్టు నడిపే ఆవిడను నేను కొట్టు పిన్ని అనేదాన్ని. ఒకరోజు అగ్గిపెట్టె కోసం వెళ్తే, నా చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. "మీ మావకి మీయత్త వండి పెడతంది. ఎవులికీ సెప్పకు" అంది.

"మీకెవరు చెప్పారు పిన్నీ?"

"ఊరందరికీ తెలుసులే. నువ్వు మాత్రం ఎవులికీ సెప్పకు. మంత్రాలాయన్ని పిలిపించి దిగ్బందనం సేయిద్దామని నాను మీ మావతో అన్నాను. ఏటన్నాడో తెలుసా? 'అదెవులికేటి అన్నాయం సేసింది? బువ్వొండుకుంటంది. ఒండుకోనీ' అన్నాడు. వొళ్ళు జలదరించిపోనాది నాకు."

నాకూ జలదరించింది. మర్నాడు బడిలో పాఠం చెబుతుంటే వెనక బెంచీ నుంచి ఎవరో, "మేడం, మీ యింట్లో బువ్వొండే దయ్యం ఉందట కదా" అన్నారు. క్లాసంతా నా ముఖం చూసింది. దయ్యాలు లేవనీ, అవన్నీ మనసు కల్పించే భ్రమలనీ గంట కొట్టేదాకా చెప్పాను. ఆ సాయంత్రం ఆటో దిగి తోటలో నడుస్తున్నప్పుడు వాసన మొదలయ్యే వేళ అవుతోందని గుర్తొచ్చి, చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తుకుంటూ ఇంట్లోకి దూరాను.

అప్పుడే టార్చి కనిపించకుండా పోయింది.

ఒక శనివారం సాయంత్రం పాలకు రాలేదు. ఆదివారం పొద్దున కూడా రాలేదు. తోటంతా తిరిగి పిలిచాను. జీడిచెట్ల కింద, నూతిలో, కొబ్బరిమట్టల కుప్పల వెనక వెతికాను. చివరికి అత్త వంటగది పక్కనుంచి వెళ్తుంటే లోపలినుంచి సన్నగా "మ్యావ్" అని వినిపించింది. పొగ కంతలోంచి దూరి ఉంటుంది, మళ్ళీ ఎక్కలేకపోయి ఉంటుంది. నా భయం ఒకవైపు, నా పిల్లి ఒకవైపు. (నేను చాలా ధైర్యంగా నిర్ణయించుకున్నానని మా ఇంట్లో ఇప్పటికీ చెబుతాను. నిజానికి ముందు కలెక్టరును తలుపు కింద సందులోంచి లోపలికి తోయడానికి ప్రయత్నించాను. అది పట్టలేదు.)

మావయ్య దగ్గరికి వెళ్ళి, "టార్చి లోపల ఉండిపోయింది. తాళంచెవి కావాలి" అన్నాను. ఆయన మొలతాడు విప్పి చెవి తీసి నా చేతిలో పెట్టాడు. అది ఆయన ఒంటి వేడికి వెచ్చగా ఉంది. "నాను రాను" అన్నాడు.

పట్టపగలు. అయినా తలుపు తెరిస్తే లోపల చీకటి. కంతలోంచి ఒక వెలుగు కడ్డీ ఏటవాలుగా పొయ్యి మీద పడుతోంది. అత్త వదిలిపెట్టినట్టే ఉంది అంతా. బోర్లించిన అన్నం గిన్నె, గోడకు ఆనించిన చేట, కొయ్యకు వేలాడుతున్న పాత చీరపేలిక, అత్త గిన్నె దించుకోవడానికి వాడేది. అడుగు లోపల పెట్టగానే ఆ వాసన, ఆరిపోయినట్టు కాకుండా, గదికి అంటుకుపోయినట్టు తగిలింది. టార్చి పొయ్యి గట్టు మీద కూర్చుని ఉంది. నన్ను చూసి కూడా కదలలేదు. దాని ఒంటికన్ను పైన అటకవైపు చూస్తోంది. దాన్ని ఎత్తుకోవడానికి వంగాను. అప్పుడు పొయ్యిలో బూడిద కనిపించింది.

బూడిద నిండా చేతుల ముద్రలు. చిన్న చిన్నవి. అయిదేసి వేళ్ళు. అప్పుడే పాకడం నేర్చిన పసిబిడ్డ బూడిదలో ఆడుకుని వెళ్ళినట్టు, పొయ్యిలోంచి గట్టు మీదికి, గట్టు మీదినుంచి గోడ వెంట పైకి. పిల్లలు లేని ఇల్లు అది. ఎప్పుడూ లేని ఇల్లు. ఫోను లైటు వేసి, ఎందుకు వేశానో నాకే తెలియదు, ఆ ముద్రల వెంట మెల్లగా పైకి ఎత్తాను. అటక మీద, కొబ్బరికాయలు పోసుకునే పాత గంపలోంచి, రెండు కళ్ళు ఎర్రగా వెలిగాయి. వాటి పక్కన ఇంకో రెండు. మరికొన్ని.

నేను అరిచిన అరుపు గురించి కొట్టు పిన్ని తర్వాత చాలాకాలం చెప్పుకుంది. బయటికి ఎలా వచ్చానో గుర్తులేదు. టార్చి నా చేతుల్లో ఉంది, నా చెయ్యంతా గీరేసి ఉంది. మేక నా కేక విని అటు పరుగెత్తి, నూతి గట్టుకు తగిలి పడి, మళ్ళీ లేచి, ఏమైందో తెలియకపోయినా భయపడుతూ నిలబడింది. కూర్చుని ఊపిరి తీసుకుంటుంటే అప్పుడు మెదడులో ఎక్కడో మూలన నిద్రపోతున్న సైన్సు టీచరు లేచింది. ముంగిసలాంటి మూతి. కళ్ళ చుట్టూ నల్లటి ముసుగు. అటక మీదినుంచి కిందికి వేలాడుతున్న పొడవాటి తోక. మళ్ళీ తలుపు దాకా పాక్కుంటూ వెళ్ళి, తల మాత్రం లోపల పెట్టి చూశాను.

మానుపిల్లి. చెట్లెక్కి పళ్ళు తిని, తాటిచెట్టు మీది ముంతలో కల్లు కూడా తాగిపోతుందే, ఆ పిల్లి. అత్త గంపలో పిల్లల్ని పెట్టుకుని పడుకుని ఉంది. నూతి దగ్గర సిగ్నలు దొరుకుతుందని వెళ్ళి ఫోనులో వెతికితే, దాని ఒంటి వాసన కొందరికి అచ్చం కొత్తబియ్యం ఉడుకుతున్నట్టు ఉంటుందని రాసి ఉంది. సాయంత్రం నిద్రలేచి తిరగడానికి బయల్దేరేముందు అది తన వాసన గట్టుకూ గోడకూ రాసి వెళ్తుందన్నమాట. ఎగిరి గంతేశాను. ఇంత వింత జంతువు మన ఇంట్లో పిల్లల్ని పెట్టిందన్న సంతోషంలో, మావయ్య దగ్గరికి పరుగెత్తి ఊపిరి తిరగకుండా అంతా చెప్పేశాను. చెబుతూ చెబుతూ ఆయన ముఖం చూసి, మధ్యలో ఆగిపోయాను.

ఆయన లేచి వచ్చాడు. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, తల వంచుకుని లోపలికి అడుగు పెట్టాడు. గిన్నె చూశాడు, చేట చూశాడు, పేలిక చూశాడు. తర్వాత పైకి చూశాడు. తల్లి పళ్ళు చూపించి బుస్సుమంది. దాని పొట్ట కింద పిల్లలు కదిలాయి. "పిల్లల తల్లి" అన్నాడు మావయ్య. "ఉండనీ." బయటికి వచ్చి తాళం వేశాడు.

ఆ సాయంత్రం కూడా ఆయన పనసతొనలు పెట్టాడు. కంచం తీసుకుని నూతి గట్టు మీద కూర్చున్నాడు. వాసన వచ్చింది. నాకు ఆగలేదు. "మావయ్యా, అది మానుపిల్లి అని చూశావు కదా" అన్నాను.

"సూసినాను."

"మరి?"

"వాసన బాగుంది కదే. మీయత్తొండినప్పుడు ఇలాగే ఉండీది" అని ముద్ద కలుపుకున్నాడు. "పిల్లిదైతే ఏటి."

వెళ్ళి నా కంచం తెచ్చుకుని పక్కన కూర్చున్నాను. దయ్యం లేదని తెలిశాక భయం పోవాలి. పోలేదు. తాళం వెనక ఆ చీకట్లో అత్త గిన్నె, అత్త పేలిక, ఆ పసిచేతుల ముద్రలు ఉన్నాయన్న సంగతి మాత్రం ఏ ఫోనూ తీసెయ్యలేకపోయింది.

నా అరుపు విని వచ్చిన కొట్టు పిన్నికి ఆ రోజే సంగతి తెలిసిపోయింది. దయ్యం అనుకున్నన్నాళ్ళూ ఊరు దూరంగా ఉంది. పిల్లి అనగానే దగ్గరికొచ్చింది. ఆవిడ కోడిపెట్టలు రెండు అంతకుముందు పోయాయట, అవి దయ్యం ఖాతాలో ఉండేవి, ఇప్పుడు పిల్లి ఖాతాకు మారాయి. ఒక సాయంత్రం ఆవిడ మరిదీ, అతని జట్టువాళ్ళూ కర్రలూ గోనెసంచీ పట్టుకుని పెరట్లోకి వచ్చారు. "మావా, తాళం తియ్యి. రెండు నిమిషాల్లో పట్టేస్తాం. దాని మాంసం నొప్పులకి మంచిది" అన్నాడు మరిది.

నేను తలుపుకు అడ్డంగా నిలబడ్డాను. అడవి జంతువును చంపితే కేసవుతుందని, ఫారెస్టు వాళ్ళకు ఫోను చేస్తానని చెప్పాను. వాళ్ళు నవ్వారు. కలెక్టరు నాకు అండగా వచ్చి నిలబడుతుందనుకున్నాను. అది జట్టులో ఒకతని చెయ్యి నాకుతోంది.

మావయ్య నూతి గట్టు మీదినుంచి లేచాడు. తొందర లేదు. మొలతాడునుంచి చెవి తీసి తాళం తీశాడు. నన్ను పక్కకు జరిపి, తలుపు బార్లా తెరిచి, తను పక్కకు తప్పుకున్నాడు. లోపల చీకటి. అప్పుడే ఆ వాసన, వెచ్చగా, నిండుగా, ఇంటికి చుట్టాలొస్తే ఎక్కువ బియ్యం పోసినట్టుగా బయటికి వచ్చింది.

"ఎల్లండి" అన్నాడు మావయ్య. "మీయత్త ఉంది. పొయ్యి ఎలిగించినట్టుంది."

ఎవరూ కదల్లేదు.

"పిల్లి అన్నారు కదా మావా" అన్నాడు మరిది.

"ఈ గుంట" అని నన్ను చూపించాడు మావయ్య, "మానుపిల్లంటంది. ఇది సదువుకున్న గుంట. నాను రోజూ ఈడే కూకుంటన్నాను. నీకు సిన్నప్పుడు జొరమొత్తే ఈ గదిలోనే కూకోబెట్టి గంజి పోసింది, మర్సిపోనావా? నిన్నడుగుతంది. ఎల్లు. కర్ర కూడా అట్టుకెల్లు, సూపించు."

ఆయన గొంతులో కోపం లేదు. రోజూ మాట్లాడుకునే మనిషి గురించి చెబుతున్నట్టు చెప్పాడు. లోపల అన్నం గిన్నె కాబోలు, ఠంగుమని దొర్లింది. దొర్లి, దొర్లి, ఎక్కడో ఆగింది. మరిది ముఖంలో రంగు పోయింది. కర్ర కింద పెట్టాడు. "రేపొత్తాంలే మావా" అన్నాడు. నడుచుకుంటూనే వెళ్ళారు, తోట మలుపు తిరిగేదాకా. తర్వాత పరుగు చప్పుడు వినిపించింది. గోనెసంచీ పెరట్లోనే ఉండిపోయింది, దాన్ని మేకకు పరుపు చేశాను.

నేను మావయ్య వైపు చూశాను. ఆయన పెదవి ఒక పక్కన కదిలింది. ఆ ఇంట్లో నేను చూసిన మొదటి నవ్వు అది. నవ్వబోయి నేను కంతవైపు చూశాను. తల్లి మానుపిల్లి అప్పటికే బయట, పెంకుల మీద కూర్చుని మమ్మల్ని చూస్తోంది. మరి గిన్నె దొర్లించింది పిల్లలే అయి ఉండాలి. అయి ఉండాలి అని ఇప్పటికీ అనుకుంటాను.

దసరా సెలవుల ముందు అవి వెళ్ళిపోయాయి. ఒకరోజు పొద్దున ఆకులో పండు అలాగే ఉంది, చీమలు పట్టి. మర్నాడూ అంతే. మావయ్య తాళం తీసి చూశాడు. గంప ఖాళీ. పిల్లలు పెద్దవై తల్లి వెంట జీడితోటల్లోకి పోయి ఉంటాయి. సాయంత్రాలు కలెక్టరూ టార్చీ అలవాటుగా వచ్చి తలుపు ముందు కూర్చునేవి, కాసేపటికి ఒకదాన్నొకటి గుర్తుపట్టినట్టు కొట్లాడుకుని వెళ్ళిపోయేవి. మావయ్య కంచం పట్టుకుని గట్టు మీద కూర్చునేవాడు. కూర్చుని, కంచం అలాగే లోపలికి తెచ్చేవాడు. మళ్ళీ మాట తగ్గింది. నేను అమ్మకు ఫోను చేసి కూరలు నేర్చుకున్నాను, కుక్కరు తెప్పించాను, నేతి చుక్క వేశాను. "బాగుందే" అనేవాడు. బాతులు లావెక్కాయి.

కార్తీకంలో ఒకరోజు బడిలో ఆలస్యమైంది. ఆటో మలుపు దగ్గర దించేసరికే మసక చీకటి. వాన వచ్చేలా ఉంది. ఊళ్ళో కరెంటు లేదు. రోజూ మలుపు దాకా ఎదురొచ్చే కలెక్టరు ఆ రోజు రాలేదు. పిలిచాను. నా గొంతు తలలు లేని ఆ చెట్లకు తగిలి నా దగ్గరికే తిరిగొచ్చింది. గొడుగు గట్టిగా పట్టుకుని నడిచాను. సముద్రం హోరు ఆ రోజు మరీ దగ్గరగా ఉంది. ఇల్లు కనిపించే చోటికి వచ్చేసరికి కాళ్ళు ఆగిపోయాయి.

అన్నం ఉడుకుతున్న వాసన.

మానుపిల్లి లేదు. గంప ఖాళీ అని నేను కళ్ళారా చూశాను. అయినా వాసన వస్తోంది, ఎప్పుడూ రానంత నిజంగా, పొగతో, గంజితో. ఇంట్లో దీపం లేదు. "మావయ్యా" అన్నాను. జవాబు లేదు. పెరట్లోకి వెళ్ళాను. కుక్క, పిల్లి, మేక, బాతులు, అన్నీ అత్త వంటగది ముందు వరసగా కూర్చుని ఉన్నాయి. నా వైపు ఒక్కటి కూడా తిరగలేదు. తలుపు తెరిచి ఉంది. లోపల ఎర్రటి వెలుగు గోడ మీద ఊగుతోంది. పొయ్యి ముందు, నాకు వీపు పెట్టి, తల మీదినుంచి ముసుగు కప్పుకుని ఎవరో కూర్చుని ఉన్నారు. చెయ్యి చాచి, కొయ్యకున్న పేలిక తీసుకుని, గిన్నె మీది మూత తీశారు.

దయ్యాలు లేవని పిల్లలకు చెప్పిన టీచరును నేను. నేను గొడుగు ఎత్తి పట్టుకున్నానని తర్వాత తెలిసింది. దయ్యాన్ని గొడుగుతో కొడదామనుకున్నానో, దాని కింద దాక్కుందామనుకున్నానో ఇప్పటికీ చెప్పలేను.

ముసుగు మనిషి పొగకు దగ్గింది. దగ్గి, తిరిగింది. తల మీద కప్పుకున్నది తువ్వాలు. దాని కింద చెమటలు కారుతున్న మావయ్య ముఖం.

"గుంటా, వచ్చినావా" అన్నాడు. "ఎసరు ఎంత పెట్టాలో నీకు తెలుసేటే?"

నేను గొడుగు దించాను. తెలియదన్నాను. నిజంగానే తెలియదు, కుక్కరులో గీత చూసి పోసేదాన్ని. ఇద్దరం గిన్నెలోకి తొంగి చూశాం. నీళ్ళు ఇగిరిపోయాయి, మెతుకు ఇంకా గట్టిగా ఉంది. ఇంకొంచెం పోద్దామంటే ఆయన పోశాడు. ఎక్కువైంది. మంట తగ్గిద్దామంటే కట్టె లాగాడు, మంట ఆరిపోయింది. మళ్ళీ ఊదాం. ఆయన బూడిద నిండిన ముఖంతో గిన్నెనే చూస్తూ అన్నాడు, "ఇన్నేళ్ళు తిన్నాను. ఎలాగొండుతావే అని ఒక్కసారైనా అడగలేదు. అదీ సెప్పలేదు."

ఆ అన్నం కింద మాడింది, మధ్యలో ముద్దయింది, పైన పలుకుగా ఉంది. పెరట్లో అందరం కూర్చుని తిన్నాం. బాతులకు కూడా ఇంత పెట్టాడు. అవి మాట్లాడకుండా తిన్నాయి. మావయ్య రెండోసారి పెట్టించుకున్నాడు. తిన్నాక తాళం తీసి నూతి గట్టు మీద పెట్టాడు. వానకు తుప్పు పట్టి కొన్నాళ్ళకి ఎటో పోయింది.

నేను ఇప్పుడు పలాసలో ఉంటున్నాను. సెలవుల్లో వెళ్తే మావయ్యే పొయ్యి వెలిగిస్తాడు. వంట బాగా కుదిరిందని చెప్పలేను గానీ వాసన కుదిరింది. ఇక్కడ ఒక్కోసారి సాయంత్రం బస్సు దిగి సందులో నడుస్తుంటే ఏ ఇంట్లోంచో కొత్తబియ్యం ఉడుకుతున్న వాసన వస్తుంది. వీపు మీద వెంట్రుకలు లేస్తాయి, కాళ్ళు ఆగుతాయి. మసక చీకట్లో గొడుగెత్తి నిలబడ్డ ఆ పిచ్చిపిల్ల కళ్ళ ముందు మెదిలి నవ్వొస్తుంది. లోపల ఎవరో ఎవరికోసమో వండుతున్నారు, అంతే కదా అనుకుంటాను. అనుకుని, ఆ వాసన అయిపోయేదాకా కాసేపు అక్కడే నిలబడి, మెల్లగా ఇంటికి నడుస్తాను.